నోరు తెరిచిన రాళ్ళు

కంటకదుర్గాన్ని ఎదురుగా వెళ్ళి గెలిచినవాడు లేడు. వెళ్ళినవాళ్ళంతా ఇంకా అక్కడే ఉన్నారు.

ముందు కంపకోట వస్తుంది. తుమ్మ, గచ్చపొద, బొమ్మజెముడు ఏనుగెత్తున పెనవేసుకుపోయిన దడి అది. పాము దూరినా ఒళ్ళు చీరుకుంటుంది. దాన్ని దాటితే అగడ్త. అందులో నీళ్ళు నల్లగా, కదలిక లేకుండా ఉంటాయి. పున్నమి చంద్రుడు కూడా వాటిలో తన నీడ వేయడు. అగడ్తకు ఆవల కాలు జారే మట్టికట్ట, కట్ట మీద అలంగం, అలంగం పొడుగునా బురుజులు, బురుజుకీ బురుజుకీ నడుమ దవడపళ్ళలా కోటకొమ్మలు. గవని తలుపులకు ఏనుగులు కుమ్మకుండా మూరెడేసి ఇనుప ములుకులు. పొద్దు పొడిచేటప్పుడు ఆ గోడలు దానిమ్మగింజ రంగులో, పొద్దు వాలేటప్పుడు నేరేడుపండు రంగులో మెరుస్తాయి. చూడటానికి బాగానే ఉంటుంది. శవానికి పూసిన గంధమూ వాసన బాగానే వేస్తుంది.

కానీ సేనల్ని ఆపింది కంప కాదు, నీళ్ళు కాదు, రాయి కాదు. పిలుపు.

ఆ కోటను ఏలే మాంత్రికుడు ధూమ్రజటుడు గోడ నిలవని ప్రతిచోటా ఒక మనిషిని ప్రాణంతో నిలబెట్టి చుట్టూ రాయి కట్టించాడు. అలా నిలిచినవాళ్ళకు చావు లేదు, బతుకూ లేదు. గోడకు కావలి ఉండటమే వాళ్ళ పని. బయటివాడు దగ్గరికొస్తే, ఏ గొంతు వింటే వాడి కాళ్ళు ఆగిపోతాయో ఆ గొంతుతో పిలుస్తారు. పలికాడా, పలికినచోటే రాయి. రాయి పాదాల దగ్గర మొదలై నోటి దగ్గర ముగుస్తుంది. ఈలోగా ఎంత మాట్లాడగలిగితే అంత.

కోట ముందరి బయలంతా అలాంటివాళ్ళే. మూడు రాజ్యాల సైనికులు నోళ్ళు తెరుచుకుని వరసలుగా నిలబడ్డారు. ఒకడు అమ్మా అంటున్నాడు, ఒకడు ఎవరో ఆడమనిషి పేరు సగం పలికాడు. రాతి చేతుల్లో ఇనుప కత్తులు తుప్పుపడుతున్నాయి. వాన పడితే ఆ నోళ్ళు నిండుతాయి. ఎండాకాలం వాటిలో పిచ్చుకలు గూడు పెడతాయి. గోడ కూలిన రోజున ఆ రాళ్ళన్నీ ఆగిపోయిన మాట పూర్తి చేస్తాయని చుట్టుపక్కల గూడేల్లో చెప్పుకుంటారు. గోడ కూల్చేవాడు మాత్రం ఇంకా పుట్టలేదంటారు.

కోట వెనక వైపు కంప లేదు, అగడ్త లేదు. అక్కడ గద్దముక్కు చరియ ఉంది. దాన్ని నిట్టనిలువు అనడానికి లేదు. నిలువుకన్నా దుర్మార్గమైనది. పైన ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి, కింద కడుపు లోపలికి తినేసినట్టు ఉంటుంది. ఆ కడుపులో కొండతేనెటీగలు చేటలంతేసి పట్లు పెడతాయి. చరియ పాదం దగ్గర, దొర్లిపడే బండలు కోటలో పడకుండా పెడగోడ కట్టారు. అది కట్టినన్నిసార్లూ కూలింది. మూడేళ్ళ కిందట అందులో జాజి అనే ఆడమనిషిని నిలబెట్టారు. అప్పుడు నిలిచింది.

జాజి మొగుడు బయన్న ఇప్పుడు గద్దముక్కు మీద బోర్లా పడుకుని ఆ గోడ వంకే చూస్తున్నాడు.

మొన్నటి వానలకు పెడగోడ బీట వారింది. తల్లి నిలిచినచోట కూతురు కూడా నిలిస్తే ఇక ఎన్నటికీ కదలదని ధూమ్రజటుడు లెక్క తేల్చాడు. గుర్రాలు గూడేనికి వచ్చాయి. బయన్న కూతురు సోమి ఇప్పుడు ఆ గోడలో, తల్లి పక్క గూటిలో ఉంది. ఛాతీ దాకా రాయి కట్టేశారు. పనివాళ్ళు నీడకు కూర్చుని అంబలి తాగుతున్నారు. పొద్దు గూకేవేళకు మిగతాది కడతారు. పైనుంచి ఆ పిల్ల తల చీమంత కనపడుతోంది.

బయన్న వెనక్కి పాకి లేచాడు. కొంచెం దూరంలో అతని బావమరిది పోలన్న తాడు చుట్ట విప్పుతున్నాడు. ఇద్దరి మధ్యా నల్లకుక్క కర్రోడు నాలుక వేలాడేసుకుని కూర్చున్నాడు. బావా బావమరుదులు మాట్లాడుకుని మూడేళ్ళయింది. ఇద్దరికీ కుక్కతో మాత్రం మాటలున్నాయి.

"ఒరే కర్రోడా," అన్నాడు బయన్న, "తాడు నానబెట్టారో, ఊరికే మోసుకొచ్చారో కనుక్కో."

"నానబెట్టాను, ఆరబెట్టాను, ముడి ముడీ పంటితో కొరికి చూశాను అని చెప్పరా," అన్నాడు పోలన్న కుక్క చెవులు నిమురుతూ. "ఈ మూడేళ్ళూ తమరి తాడు ఎవడు పట్టాడో కూడా అడుగు. ఎవడూ పట్టలేదు. ముసలమ్మల్లాగా నేల మీద పుట్టతేనె గోక్కుని బతికాడు."

"నమ్మినవాడు పట్టకపోతే నేలే నయమని చెప్పు."

కర్రోడు తోక ఆడించాడు. ఎవరి వైపూ చేరలేదు.

తేనెగూడెంలో ఒక ఆనవాయితీ ఉంది. చరియ దిగేవాడి తాడు వాడి అన్న పట్టడు, తమ్ముడు పట్టడు, కన్నతండ్రి పట్టడు. ఆస్తి కోసమో ఆడదాని కోసమో వాళ్ళ చేతులు ఒక్క క్షణం ఆలోచించవచ్చు. బావమరిది ఒక్కడే పట్టాలి. తోడబుట్టినదాన్ని ముండమోపిని చేసుకోవడానికి ఎవడి చేతులూ ఒప్పుకోవు. తాడు పట్టినవాడు ఏం జరిగినా తాడు వదలడు. తన ఇల్లు తగలబడుతున్నా వదలడు. దిగినవాడు మోదుగాకు మడిచి పళ్ళ మధ్య కరిచి పెట్టుకుంటాడు. పట్టు దగ్గర నోరు విప్పితే ఈగలు ముసురుతాయి. ఇద్దరి మధ్యా మాట తాడే. ఒకసారి గుంజితే వదులు, రెండుసార్లు గుంజితే ఆపు, విడవకుండా గుంజితే లాగు.

జాజిని పట్టుకుపోయిన రోజు బయన్న ఇదే చరియకు అవతలి అంచున తాడు మీద ఉన్నాడు. పోలన్న పైన తాడు పట్టి ఉన్నాడు. గూడెంలోకి గుర్రాలు దిగడం పోలన్న చూశాడు. చెల్లెల్ని జుట్టు పట్టి ఎక్కించడం చూశాడు. తాడు వదల్లేదు. ఈగల మధ్య ఉన్నవాణ్ణి అదరగొట్టకూడదు గనక గుంజలేదు కూడా. బయన్న తాపీగా తేనె తీసుకుని పైకొచ్చేసరికి దుమ్ము మాత్రం మిగిలింది.

ఆ రోజు నుంచి బయన్న అతని ముఖం చూడలేదు. న్యాయంగా ఆలోచిస్తే పోలన్న తప్పేమీ లేదు. బయన్న న్యాయంగా ఆలోచించదలచుకోలేదు.

నడుముకు తాడు కట్టుకుంటూ ఇప్పుడు అతను కుక్కను మరిచిపోయి సూటిగా అన్నాడు. "పట్టుకోవడం నీకు బాగా వచ్చు. ఆ రోజూ పట్టుకునే ఉన్నావు."

పోలన్న తలెత్తాడు. "పట్టుకున్నాను గనకే తిట్టడానికి బతికున్నావు బావా."

"బతకమని నేనడిగానా?"

"నువ్వు అడగలేదు. అది అడిగింది. పెళ్ళినాడు నా చేతిలో తాడు పెట్టి అడిగింది." పోలన్న బండకు మడమలు తన్ని కూర్చున్నాడు. "ఇప్పుడు అది లేదు. నీ తాడు నేను పట్టాలన్న కట్టు కూడా లేదు. కింద నా మేనకోడలుంది. దానికోసం పడుతున్నా. నీకోసం అనుకునేవు."

"అనుకోను."

"గోడలో ఉన్నది పిలుస్తుందట. పలకబాకు."

"అది నా పెళ్ళాం. నన్ను చూస్తే దారిస్తుంది," అన్నాడు బయన్న. మూడు రాజ్యాల సేనలు పోయిన దారిని వదిలి ఈ చరియ ఎంచుకోవడానికి ధైర్యమిచ్చింది ఆ నమ్మకమే. అది ఎంత తప్పో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఒళ్ళంతా మసీ ఆకుపసరూ పూసుకున్నాడు. తలకు నారపట్ట చుట్టాడు. గెడకు కట్టిన కొడవలి వీపున, రాజుకున్న పొగకట్ట మొలలో పెట్టుకున్నాడు. మోదుగాకు మడిచి కరిచాడు. గద్దముక్కు అంచు నుంచి వెనక్కి వాలి గాలిలోకి జారాడు.

కొండ ఒక్కసారిగా దూరమైంది. కాలికి రాయి తగలదు, చేతికి రాయి అందదు. కింద లోయలోంచి పొగమంచు లేస్తోంది. పట్టపగలే అక్కడ చలి. తాడు మెల్లగా తిరుగుతుంటే కోట, ఆకాశం, చరియ, మళ్ళీ కోట అతని చుట్టూ తిరిగాయి. మనిషి పట్టిన తాడుకు ఊపిరి ఉంటుంది. పైవాడి రొమ్ము లేచినప్పుడల్లా అది కొంచెం లేస్తుంది. మూడేళ్ళ తరవాత ఆ ఊపిరి బయన్న నడుముకు తగిలింది. పళ్ళు ఇంకా గట్టిగా బిగించాడు.

సగం దిగాక గొంతు వినపడింది.

"మావా."

ఆమెకు గొంతు మార్చుకోవలసిన పని లేదు.

"తాడు బిగించి కట్టావు. పక్కటెముక కింద పాత గాయం రేగదూ? చద్ది తిని బయల్దేరావా?"

బయన్న ఒకసారి గుంజాడు. తాడు వదులైంది, దిగాడు.

"రాకు మావా. దారివ్వాలనే ఉంది. ఈ రాయి ఊరుకోదు. నీ మీదికి నన్నే ఉసిగొల్పుతోంది. నీకు ఎక్కడ నొప్పో నాకు తెలుసని దానికి తెలుసు." తరవాతి మాట పొయ్యి దగ్గర కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా వచ్చింది. "సోమికి అమ్మవారు పోసినప్పుడు దాన్ని భుజాన వేసుకుని ఓ పాట పాడేవాడివి. మొదటి మాట ఏమిటది? ఇక్కడ చీకట్లో ఎంతగా గుర్తుచేసుకున్నా రావడం లేదు. ఆ ఒక్క మాట చెప్పి పో."

ఆ మాట బయన్న నాలుక చివరికి వచ్చేసింది. ఎడమ పాదం చల్లబడటం తెలిసింది. పళ్ళు ఆకులోకి దిగి ఒకదానికొకటి తగిలాయి. పసరు చేదు గొంతులోకి జారింది. ఆ చేదే అతన్ని కాచింది. మాట మింగేశాడు. పాదంలోకి మళ్ళీ వేడి వచ్చింది.

గోడ లోపల ఆమె ఏడవసాగింది. అరిచినా బాగుండేది. మెల్లగా, పక్కవాళ్ళకు నిద్రాభంగం కాకుండా ఏడ్చే ఆడవాళ్ళలా ఏడ్చింది.

చరియ కడుపు దగ్గరికి వచ్చాడు. రెండుసార్లు గుంజి ఆగాడు. కాళ్ళు ఆడించి ఊగాడు. మూడో ఊపుకు గెడ చివర కొడవలి రాతి పగులులో తగులుకుంది. ఎదురుగా పట్టు, ఎద్దు చర్మం ఆరేసినంత. దాని మీద ఈగలు పొరలు పొరలుగా అలలు వేస్తున్నాయి. పొగకట్ట ఊది తనవైపు పొగ ఆడించుకున్నాడు. తేనె కోసం అయితే అంచునుంచి కోస్తారు. బయన్నకు తేనె అక్కర్లేదు. మొదలంటా కోశాడు.

పట్టు మొత్తం ఊడి, గాలిలో ఒక్కసారి తిరగబడి, అంబలి తాగుతున్న పనివాళ్ళ నడుమ పడి పగిలింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఒకడు పైకి చూశాడు. మసి పూసుకుని, పొగ కక్కుతూ, ఆకాశంలోంచి వేలాడుతున్న నల్లటి ఆకారం కనపడింది. "కొరివిదెయ్యంరోయ్!" అని గావుకేక పెట్టాడు. తెరిచిన నోట్లోకి ఈగలు వెళ్ళాయి. తరవాత కేకలు మనుషులవిగా లేవు. పనివాళ్ళు సున్నపు తొట్టెల్లో దూకారు. కాపలావాళ్ళు బల్లేలు పారేసి బురుజు మెట్ల మీద ఒకణ్ణొకడు తొక్కుకున్నారు. మిట్టమధ్యాహ్నపు కోట ఒక్క ఝంకారమై మోగింది.

బయన్న మరో ఊపుతో పెడగోడ మీదికి దూకాడు. పొగ కిందికి పట్టి గూటిలోకి వంగాడు.

సోమి కళ్ళూ నోరూ మూసుకుని కర్రలా నిలబడి ఉంది. రెప్ప మీద ఒకటి, మెడ మీద రెండు ఈగలు పాకుతున్నాయి. కదల్లేదు. తేనెగూడెం పిల్ల నడక రాకముందే అది నేర్చుకుంటుంది. బయన్న కొడవలి మడమతో రాళ్ళ నడుమ పొడిచాడు. సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. వరస వదులైంది, రాయి ఊడింది, ఇంకో రాయి ఊడింది. పిల్లను చంకల కింద పట్టి పైకి లాగాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి. అప్పుడు కళ్ళు తెరిచింది.

"నాన్నా, అమ్మ ఇక్కడే..."

అరచేత్తో నోరు మూశాడు. గోడలో ఉన్నంతసేపూ ఆ పిల్ల గోడ మనిషి. గోడ దాటితే బయటిది. బయటివాళ్ళకు పిలుపు తప్పదు. తన నోట్లోంచి మోదుగాకు తీసి కూతురి పళ్ళ మధ్య పెట్టాడు. కొరకమని సైగ చేశాడు. ఆకు ఒకటే తెచ్చుకున్నాడు. తనకు పళ్ళు మిగిలాయి, అవి చాలనుకున్నాడు. పిల్లను వీపున కట్టుకుని తాడు విడవకుండా గుంజాడు.

తాడు బిగిసింది. ఇద్దరూ గాలిలోకి లేచారు. పోలన్న లాగుతున్నాడు. బారకు ఒక ఊపిరి. బారకు ఒక ఊపిరి.

"చిట్టీగా," అని పిలిచింది గోడ.

వీపు మీద పిల్ల ఒళ్ళు అదిరింది. తల్లి ముద్దుపేరు అది. ఇంకెవరూ అలా పిలవరు.

"చిట్టీగా, జడ ఎవరు వేస్తున్నారే? పేలు పట్టాయా? ఒక్కసారి ఊఁ అను."

బయన్న మెడ వెనక వేడిగా తడి తగిలింది. ఊఁ మాత్రం రాలేదు. పిల్ల ఆకును నమిలేస్తున్న చప్పుడు వినపడింది.

అప్పుడు ధూమ్రజటుడు బురుజు మీదికి వచ్చాడు. పొడుగాటి మనిషి. నేలమీద ఈడ్చుకుంటున్న జడల్లోంచి సాంబ్రాణి కాని పొగ ఏదో లేస్తోంది. ఆ పొగకు ఈగలు దారిచ్చాయి. చేతిలో ఎముక కర్ర. గాలిలో ఎక్కిపోతున్న వాళ్ళను చూశాడు, చరియ పైకి చూశాడు, తొందరపడలేదు. పెడగోడ దగ్గరికి దిగి బీట వారినచోట కర్రతో తట్టాడు, తలుపు తట్టినట్టు.

"ఒసే, పైన తాడు పట్టింది ఎవడే?"

గోడకు అబద్ధం రాదు. "మా అన్న," అంది.

"పిలు."

"వద్దు సామీ. మొగుణ్ణి పిలిచాను. కూతుర్ని పిలిచాను. వాణ్ణి వదిలెయ్యి."

"పిలవమన్నానా?" ఈసారి కర్రతో కొట్టాడు. గోడ మీంచి దుమ్ము రాలింది.

లేచిన గొంతు బయన్నకు ముందు పరిచయం లేనిది. దబ్బనంలా వాళ్ళ పక్కనుంచి దూసుకుని పైకి పోయింది.

"అన్నా! పోలన్నా! నా పసుపుకుంకాలు నిలవాలనే కదా ఇన్నేళ్ళూ ఆ తాడు పట్టావు! నా మొగుడు అక్కడ, నేనిక్కడ. ఇదేం కాపురం అన్నా? నువ్వు తాడు పట్టుకున్నంతకాలం నేను ముండమోపినే. వదిలెయ్యి. ఇద్దరూ నేరుగా నా ఒళ్ళోకే వస్తారు. ముగ్గురం ఒక్క గోడలో ఉంటాం. నీ చేత్తో నా సంసారం నాకివ్వు అన్నా!"

తాడు ఆగింది.

బయన్న కిందికి చూడలేదు, పైకి చూసినా ముక్కు అంచు తప్ప ఏమీ కనపడదు. చిన్నప్పటి నుంచి చేతులకు పట్టిన అలవాటును, ఆ చేతుల్లోంచే పీకి తిరగేసింది ఆ మాట. చెల్లెలికోసం పట్టుకున్నవాణ్ణి చెల్లెలికోసమే వదలమంది.

తాడు జానెడు జారింది. ఆగింది. మూరెడు జారింది. పిల్ల అతని మెడను కావలించుకుంది.

"అన్నా, ఊపిరాడటం లేదన్నా."

బారెడు జారింది. నార కాలిన వాసన వచ్చింది. వదలనని, వదలమని ఆ చేతుల్లో రెండూ పోట్లాడుతున్నాయి. ఒకవేళ వదిలితే తప్పు పట్టడానికి కూడా లేదు, అనుకున్నాడు బయన్న. మూడేళ్ళలో పోలన్న పక్షాన అతను అనుకున్న మొదటి మాట అదే.

చరియ పైనుంచి పోలన్న పలికాడు.

"విన్నానే చెల్లే! ఇక్కడే ఉన్నా!"

లోయంతా ఆ మాట తిరిగింది. కింద ధూమ్రజటుడు నవ్వాడు.

"నువ్వు ఇంకోసారి పిలిస్తే వదిలేస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే పలుకుతున్నా. మనిషైతే వదులుతాడు, రాయి వదలదు కదే! తాడు ఒంటికి చుట్టేశాను. కాళ్ళు అయిపోయాయి, ఇంక లేవలేను. ఏడవకే, నొప్పి లేదు." గొంతు బొంగురుపోయి, బావిలోంచి వస్తున్నట్టు బరువెక్కింది. "బావా! లాగలేను. ఎక్కిరా. ముడులు గట్టివే. పిల్ల జాగ్రత్త. నువ్వు మాత్రం నన్ను..."

అంతే.

బయన్న చెవులు రిక్కించాడు. గాలి వీచింది. తాడు కదల్లేదు. అందులో ఊపిరి లేదు. చెట్టుకు కట్టిన తాడులా, దూలానికి కట్టిన తాడులా నిలిచిపోయింది.

ధూమ్రజటుడి నవ్వు ఆగింది. అప్పటికి అర్థమైంది అతనికి. పైవాడు తాడు వదలాలని వేసిన దెబ్బ పైవాణ్ణి కొండకు మేకులా దిగ్గొట్టింది. ఎముక కర్రతో గోడను పిచ్చిగా బాదాడు. గోడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కావలికి కట్టిపడేసిన మనిషైనా అన్న రాయి కావడం విన్నాక కాసేపు మూగబోతుందేమో. ఆ కాసేపే బయన్నకు దక్కింది.

ఎక్కాడు. ముడి మీద కాలివేళ్ళు, పై ముడి మీద చేతులు, వీపున పిల్ల. భుజాలు పిగులుతున్నాయి. ఈగ కుట్టిన కన్ను మూసుకుపోయింది. బురుజుల మీంచి బాణాలు వచ్చాయి. పొగమంచులో గురి దొరక్క చరియకు తగిలి విరిగాయి. ఒకటి తాడు పక్కనుంచి పోయింది, ఒక పేట తెగి ముఖానికి కొట్టుకుంది. ఆపైన మిగిలిన పేటల మీద ప్రాణం పెట్టి ఎక్కాడు. ముక్కు అంచు దగ్గర రాయి కడుపులో పొడుస్తుంటే, మోచేతులు చీరుకుంటూ పైకి పాకాడు.

కర్రోడు మూలుగుతూ ఎదురొచ్చాడు. ముఖం నాకలేదు. వెనక్కి వెళ్ళి పోలన్న పాదాల దగ్గర పడుకున్నాడు.

పోలన్న కూర్చున్నట్టే ఉన్నాడు. మడమలు బండకు తన్ని ఉన్నాయి. తాడు నడుము చుట్టూ, ముంజేతి చుట్టూ బిగిసి ఉంది. ఒళ్ళు గద్దముక్కు రాయి రంగులోనే, ఆ రాయిలోంచే మొలిచినట్టు ఉంది. తలపాగా గాలికి ఆడుతోంది. నోరు తెరిచి ఉంది. అరచేతుల్లో నార కోసుకుపోయిన గాట్లు రాతిలో కూడా అలాగే ఉన్నాయి. వాటిలోంచి కారిన నెత్తురు మాత్రం రాయి కాలేదు.

సోమి వీపు మీంచి దిగింది. ఆకు పళ్ళ మధ్యే ఉంది. మేనమామ తెరిచిన నోట్లోకి తొంగి చూసింది. తరవాత చిన్న వేళ్ళతో ఆ పెదవుల చుట్టూ మసి దుమ్ము తుడిచింది.

బయన్నకు ఒక మాట వచ్చింది. మూడేళ్ళుగా రానిది. అది రొమ్ములోంచి గొంతుకు, గొంతులోంచి పళ్ళ దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కిందనుంచి, అలసిపోయిన గొంతుతో, గోడ మళ్ళీ పిలిచింది.

"మావా... మా అన్న ఏమయ్యాడు మావా?"

ఇప్పుడు నోరు విప్పితే ఆ మాట పోలన్నకు చెప్పినా గోడకు పలికినట్టే. బయన్న పళ్ళు బిగించాడు. చెప్పవలసినవాడు కళ్ళ ముందే ఉన్నాడు, చెప్పడానికి వీల్లేదు.

గవని తలుపులు తెరుచుకున్న మోత కొండంతా పాకింది. వెంటనే వేటకుక్కల అరుపులు. చరియ చుట్టూ తిరిగి గుర్రాలు పైకి రావడానికి ఎంతోసేపు పట్టదు. ముందున్నది కొండగండి. దాన్ని దాటడానికి తాడు కావాలి. తాడు రాతి చేతుల్లో ఉంది.

వేళ్ళు విడదీయడానికి చూడలేదు. అవి విడవవని తెలుసు, విడవాలని లేదు. తాడును అంచు మీదికి లాగి చుట్టి, ముంజేతికి బారెడు దూరంలో కొడవలితో కోశాడు. నడుము చుట్టూ ఉన్నది, చేతిలో ఉన్నది అలాగే వదిలాడు. తాడు పట్టినవాడి చేతిలోంచి తాడు తీసుకోవడం తేనెగూడెంలో లేదు.

పిల్లను ఎత్తుకున్నాడు. కర్రోణ్ణి కాలితో తట్టాడు. వాడు లేవలేదు. రెండోసారి తట్టలేదు.

గండి వైపు పరిగెత్తుతుంటే బయన్న చెవుల్లో వేటకుక్కలు లేవు, గోడ పిలుపు లేదు. "నువ్వు మాత్రం నన్ను" అన్న చోట తెగిపోయిన మాటే ఉంది. క్షమించమనా, క్షమించవద్దనా, వదిలి పొమ్మనా, వదలొద్దనా? మిగిలిన సగం ఆ రాతి నోట్లో ఉంది. అది బయటికి రావాలంటే గోడ కూలాలి. కూల్చేవాడు పుట్టలేదంటారు.

గండి అంచున చింతమోడుకు తాడు బిగించి, కూతుర్ని గుండెకు కట్టుకుని, బయన్న చీకటి లోయలోకి కాలు పెట్టాడు. పైన తాడు పట్టేవాడు ఎవడూ లేడు.